రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా రాదన్న మాట ఎంతవరకు నిజం?

చింతతోపు:

మా అమ్మకు 71 ఏళ్లు. మాది మడకశిర దగ్గర, కర్ణాటక సరిహద్దును ఆనుకున్నట్టుండే పల్లె. అమ్మ ఏనాడూ బడి ముఖం చూడలేదు, ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. అయినా మెట్టినింట తెలుగు, పుట్టింటివారితోనూ సంతలోనూ కన్నడం, రెండూ చిన్ననాటినుంచి తడుముకోకుండా మాట్లాడుతుంది.

గత ఏడెనిమిది నెలలుగా ఆమెలో మార్పు కనిపిస్తోంది. నెల ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇచ్చే 4,000 రూపాయల పింఛనును తన చేతులతో లెక్కపెట్టి పెట్టెలో దాచి, సాయంత్రానికి ‘ఈ నెల పింఛను ఇంకా రాలేదేమే’ అని అడిగింది. ఒక్కసారే అయితే పట్టించుకునేదాన్ని కాను, కాని వరుసగా మూడు నెలలు అదే జరిగింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. ఇంకొకటి చెప్పాలో వద్దో తెలియడం లేదు కాని, కన్నడం బొత్తిగా రాని పక్కింటావిడతో అమ్మ ఈమధ్య రెండు మూడుసార్లు కన్నడంలో మాట్లాడింది. ఆవిడ అయోమయంగా చూస్తున్నా తాను భాష మార్చానన్న సంగతి అమ్మకు తట్టలేదు.

బెంగళూరులో ఉండే మా అన్నకు ఇదంతా చెబితే, తాను ఎక్కడో చదివిన పరిశోధన ఒకటి ముందుపెట్టాడు. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా క్షీణించే జబ్బు, రాదనీ, ఒకవేళ వచ్చినా నాలుగున్నర ఏళ్లు ఆగి వస్తుందనీ హైదరాబాదు వైద్యులే తేల్చారనీ, కాబట్టి అమ్మది వయసుతో వచ్చిన చాదస్తమే తప్ప ఆసుపత్రుల చుట్టూ తిప్పవలసిన జబ్బు కాదనీ అతని వాదన. ఆ పరిశోధన నిజంగా ఏమి చెప్పింది? చదువు లేనివారికి కూడా అది వర్తిస్తుందా? దాన్ని నమ్ముకుని కొంతకాలం వేచి చూడవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని అడుగుతున్నాను.

సగటు మనిషి:

నేను వైద్యుణ్ణి కాను. వైద్య పరిశోధనల్లోని లెక్కలను సరిచూసే పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. అందువల్ల అమ్మగారి ఆరోగ్యం గురించి కాకుండా, మీ అన్నగారు చెప్పిన ఆ పరిశోధన గురించి మాత్రమే చెబుతాను.

ఆయన చదివినది 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన వ్యాసం అయి ఉండాలి. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో అప్పట్లో పనిచేస్తున్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి చేసిన పని అది. నిమ్స్‌లోని ప్రత్యేక క్లినిక్‌లో డిమెన్షియా ఉందని నిర్ధారించిన 648 మంది రోగుల రికార్డులను పరిశీలించి, వారిలో రెండు లేదా అంతకన్న ఎక్కువ భాషలు వాడే 391 మందినీ, ఒకే భాష వాడే మిగతా 257 మందినీ వేరుచేసి, వ్యాధి లక్షణాలు తొలిసారి కనిపించినప్పుడు ఎవరి వయసు ఎంత అన్నది పోల్చారు. ఏకభాషులలో ఆ వయసు సగటున 61.1 ఏళ్లు, ద్విభాషులలో 65.6 ఏళ్లు. నాలుగున్నర ఏళ్లన్న లెక్క అక్కడినుంచి వచ్చినదే.

ఇప్పుడు మీ అన్నగారికి చూపవలసిన విషయం ఒకటి ఉంది. ఆ 391 మంది ద్విభాషులూ డిమెన్షియా వచ్చినవారే. రాని మనిషి ఒక్కడు కూడా ఆ లెక్కలో లేడు. రెండు భాషలు వచ్చినవారికి ఈ వ్యాధి రాదనడానికి, వ్యాధి వచ్చిన ద్విభాషుల మీదే చేసిన పరిశోధనను సాక్ష్యంగా తేవడం విడ్డూరం. బస్సెక్కినవారి సగటు వయసును బట్టి ఊళ్లో ఎంతమంది బస్సు ఎక్కకుండా ఉండిపోయారో చెప్పలేము కదా. ఆ వ్యాసం కూడా అటువంటి మాట ఎక్కడా చెప్పలేదు, పత్రికల శీర్షికల్లోనూ వాట్సాప్‌లోనూ నలిగి నలిగి అలా తయారైంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వాయిదా పడినట్టు కనిపించినది తొలి లక్షణాలు బయటపడే వయసు. అమ్మగారిలో మీరు చెప్పినవి నిజంగా ఆ లక్షణాలే అయితే, ఆ వాయిదా ఏదైనా ఉండి ఉంటే అది ఇప్పటికే అయిపోయింది. ఆ నాలుగున్నర ఏళ్లు ఇకముందు రావలసినవి కావు, మీకు తెలియకుండానే వెనక గడిచిపోయినవి. పైగా అది రెండు గుంపుల సగటుల మధ్య తేడా మాత్రమే. ఒక మనిషి జాతకంలో రాసిపెట్టిన గడువుగా దాన్ని చదవకూడదు.

చదువు విషయానికి వస్తే, ఆ పరిశోధనకు విలువ తెచ్చినదే ఆ భాగం. అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను పరిశీలించి ద్విభాషులలో దాదాపు నాలుగేళ్ల ఆలస్యం కనిపించిందని చెప్పింది. కాని అక్కడి ద్విభాషులలో చాలామంది వలస వచ్చినవారు. దేశం మారగలిగిన మనిషికి ఆరోగ్యం, తెగువ, చదువు ముందునుంచే కాస్త ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి, ఆ ఆలస్యం భాషల వల్ల వచ్చిందా, మనిషి తీరు వల్ల వచ్చిందా అన్నది అక్కడ తేలలేదు. హైదరాబాదులో ఆ చిక్కు తక్కువ. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషులలో ఏ రెండైనా కలిపి మాట్లాడటానికి ఇక్కడ ఎవరూ సముద్రం దాటనక్కరలేదు, బడికి వెళ్లనక్కరలేదు, వీధి చివరి కిరాణా కొట్టు చాలు. అందువల్లనే చదువురాని రోగులను విడిగా తీసి చూడటం వీలైంది. వారిలో ఏకభాషులకు 59, ద్విభాషులకు 65 ఏళ్ల వయసులో లక్షణాలు మొదలయ్యాయి, అంటే తేడా ఆరేళ్లు. చదువు, వృత్తి, పల్లె పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ద్విభాషిత్వ ప్రభావం నిలిచింది. మూడో భాషకూ నాలుగో భాషకూ అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

కాబట్టి అమ్మగారి వంటి మనిషికి ఆ పరిశోధన తప్పకుండా వర్తిస్తుంది, కాని మీ అన్నగారు అనుకున్న అర్థంలో కాదు.

ఎదురు ప్రశ్న:

పై సమాధానం బాగుంది. అయితే అది కూడా కొంత ఉదారంగానే ఉందని నాకు అనిపిస్తోంది. రోగి ఆసుపత్రికి వచ్చిన తర్వాత వెనక్కి తిరిగి ‘మరుపు ఎప్పుడు మొదలైంది’ అని ఇంట్లోవారిని అడిగి రాసుకున్న వయసు మీద ఎంత భారం వేయగలం? పొలం పనికి వెళ్లే కొడుకు ఒక తేదీ చెబుతాడు, పక్కనే కూర్చుని తినిపించే కోడలు మరో తేదీ చెబుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారిని ముందే ఎంచుకుని, ఏళ్ల తరబడి వెంట నడిచి, వారిలో ఎవరికి వ్యాధి వచ్చిందో చూసే పరిశోధనలు వేరే కథ చెబుతున్నాయి. న్యూయార్క్ ఉత్తర మాన్‌హాటన్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మంది వలస వృద్ధులను కొలంబియా విశ్వవిద్యాలయం వారు దీర్ఘకాలం గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఇంగ్లీషు కూడా వచ్చినవారు మొదటి పరీక్షల్లో కొంత మెరుగ్గా ఉన్నారు తప్ప, ఆ తర్వాత వారి జ్ఞాపకశక్తి తగ్గిన వేగంలోనూ, డిమెన్షియా రావడంలోనూ తేడా కనిపించలేదు. 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇటువంటి అధ్యయనాలన్నిటినీ కూడగట్టి చూసినప్పుడూ ఇదే తేలింది. వెనక్కి తిరిగి లెక్కించినవాటిలో ఆలస్యం కనిపిస్తుంది, ముందుకు నడిచి చూసినవాటిలో రక్షణ కనిపించదు. మాంట్రియల్‌లో 2010లో చేసిన మరో పనిలో, ద్విభాషులకు మొత్తంమీద లాభం కనిపించలేదు, వలస వచ్చినవారిలో మాత్రం కొంత కనిపించింది.

ఇవేవీ చెప్పకుండా, అరవై దాటినవారికి ఫోన్లో కొత్త భాషలు నేర్పించి మతిమరుపును తరిమేస్తామనే ప్రకటనలు మాత్రం రోజూ కనిపిస్తున్నాయి. 70 ఏళ్ల మనిషి చేత స్పానిష్‌లో పండ్ల పేర్లు వల్లె వేయిస్తే డిమెన్షియా ఆగుతుందని ఈ పరిశోధనలలో ఏదీ చెప్పలేదు.

సగటు మనిషి:

ఎదురు ప్రశ్న గారూ, మీ ఆక్షేపణలో ముప్పాతిక భాగం ఒప్పుకుంటాను. ముందుకు నడిచి చూసే అధ్యయనానికే బరువు ఎక్కువ. అయితే న్యూయార్క్ ఫలితాన్ని తెచ్చి నేరుగా మడకశిరకు అతికించలేము. అక్కడివారంతా వలస వచ్చినవారు, వారిలో ఇంగ్లీషు ఎంత వచ్చన్నది వారు తమ గురించి తాము చెప్పుకున్న మాట. పుట్టింట ఒకటి, అత్తింట ఒకటి, సంతలో రెండూ కలిపి యాభై ఏళ్లు మాట్లాడిన మనిషి ద్విభాషిత్వం వేరు. మనిషిని చూడగానే ఏ భాష తీయాలి, ఏ భాషను నాలుక చివర ఆపాలి అన్న నిర్ణయం ఆమె రోజుకు వందసార్లు చేసి ఉంటుంది. ఆ ఎంపిక, ఆ నిగ్రహమే మెదడుకు సాధన అని ఈ వాదం వైపున్నవారు అంటారు.

తెలివైనవారే రెండో భాష నేర్చుకుంటారు కాబట్టి లాభం తెలివిదే గాని భాషది కాదన్న అనుమానానికి స్కాట్లండ్ నుంచి ఒక జవాబు ఉంది. 1947లో పదకొండేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష రాసిన పిల్లలలో 853 మందిని డెబ్బయ్యవ పడిలో మళ్లీ పరీక్షించి, చిన్ననాటి మార్కులనుబట్టి ఊహించదగినదానికన్న ద్విభాషులు మెరుగ్గా ఉన్నారని 2014లో బాక్ బృందమే చూపింది. అది డిమెన్షియా మీద చేసిన పని కాదన్నది నిజమే. అయినా ఆ అనుమానాన్ని కొంతవరకు తగ్గిస్తుంది.

మీరు కోరే పద్ధతిలో మన పక్కనే ఒక పని జరుగుతోంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసర్చ్ వారు కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటినవారిని పదివేల మంది వరకు ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకున్నారు. భాషల కోసం మొదలుపెట్టిన అధ్యయనం కాదది, పల్లెల్లో మెదడుకు వయసు ఎలా మీద పడుతుందో చూడటం దాని ఉద్దేశం. అయితే ఆ తాలూకాలో తెలుగూ కన్నడమూ రెండూ వాడుకలో ఉన్నవే. చింతతోపు గారి అమ్మగారి వంటి మనుషులనే ఆరోగ్యంగా ఉన్ననాటినుంచి చూడటానికి అంతకన్న తగిన చోటు నాకు తోచదు.

మాటతీరు:

నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి విరమించినదాన్ని. ఒక మెమరీ క్లినిక్‌లో కొన్నేళ్లు రోగులకు పరీక్షలు చేశాను. గణాంకాల వాదం పెద్దలు తేల్చుకుంటారు, నేను చింతతోపు గారి ప్రశ్నలో అందరూ దాటిపోయిన వాక్యం దగ్గర ఆగాను. కన్నడం రాని మనిషితో అమ్మగారు కన్నడంలో మాట్లాడటం, అది ఆమెకే తెలియకపోవడం.

రెండు భాషలవారు మాటల మధ్య భాష మార్చడం వింత కాదు, మనమంతా చేసే పనే. కాని ఎదుటి మనిషికి అర్థమవుతుందో లేదో చూసుకుని మారుస్తాం. ఆ చూపు తప్పి, వినేవారికి తెలియని భాషలో మాట్లాడుతూ పోవడం డిమెన్షియా వచ్చిన ద్విభాషులలో పరిశోధకులు గమనించి నమోదు చేసిన లక్షణమే. దీన్నిబట్టి ఆమెకు ఆ వ్యాధి ఉన్నట్టు కాదు. కాని ‘రెండు భాషలు వచ్చు కాబట్టి భయం లేదు’ అని మీ అన్నగారు ఏ భాషలను చూపి ధైర్యం చెబుతున్నారో, ఆ భాషల్లోనే ముందు తేడా కనిపిస్తున్నదేమో చూడాలి.

వేచి చూడవచ్చా అన్నదానికి నా జవాబు, వేచి చూడకూడదని. కారణం చెబుతాను. ద్విభాషులలో లక్షణాలు ఆలస్యంగా కనిపించడానికి పరిశోధకులు చెప్పే వివరణను కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు, అంటే మెదడుకు ఉండే మిగులు శక్తి. మీ ప్రాంతంవారికి బోరుబావితో చెబితే తేలిక. భూమిలో నీటిమట్టం ఏటా దిగిపోతున్నా, మోటారు బలమైనదైతే మడిలోకి నీళ్లు పారుతూనే ఉంటాయి, గట్టున ఉన్నవాడికి ఏ తేడా తెలియదు. ధార సన్నబడిందని తెలిసేనాటికి నీరు చాలా లోతుకు పోయి ఉంటుంది. ఇటలీలో జర్మన్, ఇటాలియన్ రెండూ మాట్లాడే 45 మంది అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) రోగులను, ఇటాలియన్ మాత్రమే మాట్లాడే 40 మందితో స్కానింగుల ద్వారా పోల్చి 2017లో ప్రకటించారు. ద్విభాషులు సగటున అయిదేళ్లు పెద్దవారు, మెదడులో నష్టం కూడా వారిలోనే ఎక్కువ, అయినా జ్ఞాపకశక్తి పరీక్షల్లో వారే మెరుగ్గా నిలిచారు. టొరంటోలోనూ అంతకుముందు ఇటువంటిదే చూశారు. పరీక్షల్లో సమానంగా కనిపించిన రోగులలో ద్విభాషుల మెదడే ఎక్కువ కుదించుకుపోయి ఉంది. అంటే రెండు భాషలవారిలో చిన్న లక్షణం కనిపించినా, దాని వెనక జరిగినది చిన్నదని అనుకోవడానికి వీల్లేదు. మీ అన్నగారు చెప్పిన పరిశోధనను సరిగా చదివితే తొందరపడటానికే ఎక్కువ కారణం దొరుకుతుంది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ వయసులో మరుపుకు కారణం డిమెన్షియాయే కానక్కరలేదు. బి12 విటమిన్ లోపం మన దగ్గర చాలా మామూలు, ముఖ్యంగా మాంసాహారం తీసుకోనివారిలో. థైరాయిడ్ తగ్గినా, దిగులుతో ముడుచుకుపోయినా, నిద్ర మాత్రలు, అలర్జీ మాత్రలు ఎక్కువైనా, ఎప్పుడో పడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టినా మరుపు వస్తుంది. వీటిలో చాలావరకు చికిత్సతో తగ్గేవే. ఆలస్యం చేస్తే పోయేది ఆ అవకాశం. వినికిడి కూడా చూపించండి. సరిగా వినబడని మాట జ్ఞాపకం ఉండదు, ఇంట్లోవారు దాన్ని మరుపు అనుకుంటారు. అంతేకాదు, ‘లాన్సెట్’ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 అంశాలను లెక్కించి, వాటినన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలోని కేసులలో దాదాపు 45 శాతం నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. వాటిలో వినికిడి లోపం ముందువరుసలో ఉంది. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా ఆ జాబితాలోనివే. రెండో భాష ఆ జాబితాలో లేదని ఎదురు ప్రశ్న గారు సంతోషించవచ్చు.

పరీక్ష గురించి ఒక మాట. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే ఎంఎంఎస్ఈ పరీక్ష 1975లో అమెరికాలో తయారైనది. అందులో వాక్యం రాయాలి, చదివి చెప్పినట్టు చేయాలి, నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ పోవాలి. బడికి వెళ్లని మనిషి వీటిలో తప్పితే అది మెదడు తప్పు కాదు. హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో పరిశోధన చేసినవారు ఈ చిక్కు చూసి హిందీలో వేరే రూపం తయారుచేశారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమని అడిగారు, నూరులో ఏడుకు బదులు ఇరవైలో మూడు తీయమన్నారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు, కన్నడం సహా అయిదు భారతీయ భాషల్లో పరీక్షల సంపుటి తయారుచేయించింది. కాబట్టి అమ్మగారికి చదువు లేదని, రెండు భాషలని పరీక్షించేవారికి మొదటే చెప్పండి. ఒకవేళ ‘చదువుకోలేదు కదా, ఇలాగే ఉంటారు’ అని ఎవరైనా తేల్చేస్తే అక్కడితో ఆగకండి.

పెన్నేరు:

చాదస్తం అన్న ఆ ఒక్క మాట మా ఇంట్లో రెండేళ్లు తినేసింది.

మా నాన్నగారు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి విరమించారు. తెలుగు, తమిళం రెండూ వచ్చు, అంకెలు నోటి లెక్కే. అడిగినదే అడుగుతుంటే చాదస్తమన్నాం, కోపం ఎక్కువైతే చాదస్తమన్నాం, స్నానం చేశానని చెప్పి చేయకపోతే అదీ చాదస్తమే అన్నాం. చివరికి బ్యాంకులో డిపాజిట్ ఒకటి గడువుకు ముందే తీయించి ఎవరికో ఇచ్చేశారని, ఎవరికిచ్చారో ఆయనకే గుర్తులేదని తెలిసిన రోజున ఆసుపత్రికి తీసుకువెళ్లాం. మొదట చూపించిన చోట స్కానింగు రాశారే తప్ప ఇంట్లో ఆయన ఎలా ఉంటున్నారని మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. రెండో చోట ఒక పెద్ద డాక్టరుగారు మా అమ్మను ముప్పావు గంట కూర్చోబెట్టి అడిగారు, అప్పుడు తేలింది.

చింతతోపు గారూ, ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ రోజు ఏమి జరిగిందో తేదీతో రాయండి. మేము అది చేయలేదు. డాక్టరు అడిగినప్పుడు ‘చాన్నాళ్లుగా’ అన్న మాట తప్ప మా దగ్గర ఇంకేమీ లేకపోయింది. పైన ఎదురు ప్రశ్న గారు కొడుకు చెప్పే తేదీ, కోడలు చెప్పే తేదీ అన్నారే, ఆ మాట చదివి సిగ్గుపడ్డాను. మా ఇంట్లో ముగ్గురం మూడు తేదీలు చెప్పాం.

ఎదురు ప్రశ్న:

పెన్నేరు గారి మాటతో నా వాదనకు కొత్త ఆధారం దొరికింది గాని, దొరకకపోయినా బాగుండేది. ఒక్కటి మాత్రం చేరుస్తాను. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి సర్వే అంచనా వేసింది. మగవారిలో కన్న ఆడవారిలో, పట్నాలలో కన్న పల్లెల్లో ఎక్కువని కూడా ఆ సర్వే చెప్పింది. ఈ దేశంలో రెండు భాషలు మాట్లాడేవారు ఎన్ని కోట్లమందో ఆలోచిస్తే, ఆ 88 లక్షలలో వారు లేరనడం ఎలా కుదురుతుంది?

చింతతోపు (మూడు వారాల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. సగటు మనిషి గారి సమాధానాన్ని ఉన్నదున్నట్టు అన్నకు పంపాను. ‘ఆ 391 మందీ వ్యాధి వచ్చినవారే’ అన్న వాక్యం దగ్గర అతను ఫోన్ చేశాడు, ఆ శనివారమే ఊరికి వచ్చాడు. ఇద్దరం కలిసి అమ్మను ప్రభుత్వాసుపత్రి న్యూరాలజీ ఓపీకి తీసుకువెళ్లాం.

రక్తపరీక్షల్లో బి12 బాగా తక్కువగా ఉందని తేలింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎడమ చెవి వినికిడి తగ్గిందట, ఆ సంగతి ఇన్నాళ్లూ మాలో ఎవరికీ తెలియదు. రక్తపోటు మాత్ర మోతాదు మార్చారు. అయితే మరుపంతా బి12 వల్లనే అని డాక్టరుగారు అనలేదు, డిమెన్షియా కాదనీ అనలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, అప్పుడు పోల్చి చూస్తామన్నారు. మాకూ అదే సబబుగా తోచింది.

పరీక్ష తెలుగులోనే చేశారు. ఒకచోట నాకు సందేహం కలిగింది. వారాల పేర్లు చివరినుంచి వెనక్కి చెప్పమంటే అమ్మ తెలుగులో రెండు చెప్పి ఆగిపోయింది, తర్వాత మళ్లీ మొదలుపెట్టి కన్నడంలో ఏడూ వెనకనుంచి తప్పులేకుండా చెప్పింది. పరీక్షిస్తున్న అమ్మాయికి కన్నడం రాదు, నావైపు చూసింది. సరిగానే చెప్పిందని నేనంటే రాసుకుంది గాని, దాన్ని ఒప్పు కింద వేసిందో తప్పు కింద వేసిందో అడగడానికి మొహమాటపడ్డాను. రెండోసారి వెళ్లినప్పుడు కన్నడంలో కూడా చేయమని అడగవచ్చా? అలా అడిగితే పోల్చడం కుదరదంటారా?

మాటతీరు:

తప్పకుండా అడగవచ్చు. తెలుగు పరీక్షను మాత్రం మానిపించకండి. మూడు నెలల కిందటి మార్కులతో పోల్చాలంటే అదే పరీక్ష, అదే భాషలో, వీలైతే అదే మనిషి చేయాలి. అది పూర్తయ్యాక, అలసట తీరేంత విరామం ఇచ్చి, మరో రోజైతే ఇంకా మంచిది, కన్నడంలో చేయించండి. బి12 ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలయ్యాయో, ఎన్ని పడ్డాయో, చెవికి యంత్రం పెట్టించి ఉంటే ఆ తేదీ కూడా రాసుకుని వెళ్లండి. లేకపోతే రెండోసారి మార్కులు పెరిగినా ఎందుకు పెరిగాయో చెప్పలేరు.

వారాల పేర్లు ఏ భాషలో చెప్పినా క్రమం తప్పకపోతే ఆ క్రమాన్ని మనసులో పట్టి ఉంచగలిగినట్టే, నేనైతే ఒప్పు వేసి పక్కన ‘కన్నడంలో’ అని రాసేదాన్ని. ఆ రోజు భాష మార్చినట్టు ఆమెకు తెలుసా, లేక పక్కింటావిడ విషయంలోలాగా తెలియకుండా జరిగిందా అన్నది నాకు అంతకన్న ముఖ్యం. తెలుగులో రావడం లేదని గ్రహించి, వచ్చిన దారికి తిప్పుకుని ఉంటే అది మంచి సంకేతం. మొహమాటం మాని ఈ ఒక్క సంగతి డాక్టరుగారికి చెప్పండి.

చిన్ననాడు ఏ భాషలో అంకెలు పట్టుబడ్డాయో, వయసు మళ్లినా మనసులో లెక్క సాధారణంగా ఆ భాషలోనే నడుస్తుంది. అమ్మగారు సంతలో లెక్కలు నేర్చుకున్నారంటే అవి కన్నడంలో నేర్చినవి కావచ్చు. వచ్చే ఒకటో తేదీన పింఛను అందుకున్నప్పుడు పక్కన కూర్చుని, ఆమె పెదవుల మీద ఏ భాషలో అంకెలు కదులుతున్నాయో గమనించి పెన్నేరు గారు చెప్పిన ఆ పుస్తకంలో రాయండి. సాయంత్రం మళ్లీ అడిగారో లేదో కూడా.